పాత వాహనాల మీటర్ల పునరుద్ధరణ

పాత వాహనాల మీటర్ల పునరుద్ధరణ అనగా, కాలక్రమంలో వెలిసిపోయిన డాష్‌బోర్డు మీటర్లను వాటి తొలి రూపం చెడకుండా తిరిగి చదవగలిగేలా చేయడం. స్పీడోమీటరు, పెట్రోలు మీటరు, ఉష్ణోగ్రత మీటరు, ఆమ్మీటరు, ఆయిలు పీడన మీటరు ఈ కోవకు చెందుతాయి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ వంటి కార్లకు కొత్త మీటర్లు దొరకడం కష్టం కనుక, ఉన్నవాటినే బాగుచేయవలసి వస్తుంది.

వెలిసిపోవడానికి కారణాలు

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రంగులను విచ్ఛిన్నం చేస్తాయి. ముల్లుకు వేసే మెరిసే నారింజ రంగు త్వరగా పాలిపోతుంది. తేమ మరొక కారణం. విజయవాడ - మచిలీపట్నం రహదారిపై ఉన్న ఉయ్యూరు వంటి కృష్ణా డెల్టా ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ. అద్దం కింది రబ్బరు వాషరు ఎండి పగిలితే ఆ తేమ లోపలికి చేరి అద్దానికి మసక, పట్టీకి తుప్పు పట్టిస్తుంది.

రేడియం ప్రమాదం

1960లకు ముందు కొన్ని మీటర్ల అంకెలకు, ముల్లుకు చీకటిలో వెలగడానికి రేడియం కలిసిన రంగు వేసేవారు. ఈ రంగు ఇప్పుడు వెలగకపోయినా ప్రమాదకరమే. వెలుగునిచ్చే జింకు సల్ఫైడు పాడైపోతుంది కాని, రేడియం-226 అర్ధ జీవిత కాలం సుమారు 1600 సంవత్సరాలు. ఆ రంగును గీకితే రేగే ధూళి శ్వాసతో శరీరంలో చేరుతుంది. కాబట్టి ఇటువంటి మీటరును ఇంటివద్ద విప్పరాదు. నేడు వాహనాలకు అతికించే "రేడియం స్టిక్కర్ల"లో రేడియం ఉండదు. అది వాడుకలో నిలిచిపోయిన పేరు మాత్రమే.

పునరుద్ధరణ పద్ధతి

* ముందుగా బ్యాటరీ తీగను తొలగించి, డయల్‌ను నేరుగా ఎదురుగా ఉంచి ఫోటో తీసుకోవాలి. అంకెల పరిమాణం, గీతల మధ్య దూరం కొలిచి రాసుకోవాలి.
* అద్దం చుట్టూ ఉన్న లోహపు పట్టీ అంచును కొద్దికొద్దిగా పైకి వంచి విప్పాలి.
* స్పీడోమీటరులో తిరిగే అయస్కాంతం ఒక అల్యూమినియం గిన్నెను లాగుతుంది. సన్నని స్ప్రింగు దానిని అదుపు చేస్తుంది. అందువలన ముల్లు తీసే ముందు, అది స్వేచ్ఛగా నిలిచే చోటును గుర్తించాలి. గుర్తు తప్పితే వేగం తప్పుగా చూపుతుంది.
* డయల్‌ను మెత్తని కుంచెతో తుడవాలి. థిన్నరు, పెట్రోలు తగిలితే అంకెలు కరిగిపోతాయి.
* అంకెలు పూర్తిగా చెరిగిపోతే, ఫోటో ఆధారంగా బొమ్మ గీసి స్క్రీన్ ప్రింటింగు చేయవచ్చు.
* పెట్టె లోపలి గోడలకు తెల్ల రంగు వేస్తే బల్బు వెలుగు డయల్‌పై బాగా పడుతుంది. ఎక్కువ వాట్ల బల్బు వేడికి డయల్ మళ్ళీ పాడవుతుంది.
* చివరగా కొత్త వాషరు వేసి బిగించాలి.

అసలు రూపం

మైళ్ళలో గుర్తులున్న డయల్‌ను కిలోమీటర్లకు మార్చితే దాని చారిత్రక విలువ పోతుంది. పైగా లోపలి యంత్రం మైళ్ళ లెక్కలోనే నడుస్తుంది. ఓడోమీటరు అంకెలను తగ్గించడం పునరుద్ధరణ కాదు, కొనుగోలుదారును మోసగించడమే. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహన నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషను కల్పించింది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసిన వాహనాలకు ఇది వర్తించదు.

ఇవి కూడా చూడండి

* స్పీడోమీటరు
* రేడియం
* అంబాసిడర్ కారు
* ఉయ్యూరు