ఊరికొక పంతులమ్మ

పాఠ మొక్కటే యైనను, చెప్పెడి గురువును బట్టి అది పిల్లవాని మనస్సున వేరువేరుగా నాటుకొనును. ఉపాధ్యాయులకు ఈ సంగతి ఒకరు చెప్ప నక్కరలేదు. అమెరికాలో టెలివిజన్ విస్తరించిన తొలి మూడు దశాబ్దములలో, పట్టణముల ప్రసార కేంద్రములు ఈ సత్యమునే తమ వ్యాపారమునకు పెట్టుబడిగా చేసికొన్నవి. ఆ వైభవ మెట్లు వచ్చెనో, ఎట్లు పోయెనో తెలిసికొనుట విద్యాబోధనతో సంబంధము గలవారికి నిరుపయోగము కాదు.

1948 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను క్రొత్త టెలివిజన్ కేంద్రములకు అనుమతు లిచ్చుట నిలిపివైచెను. ఒక కేంద్రపు తరంగములు మరియొకదానికి అడ్డుపడకుండ ఏర్పాట్లు చేయుటయే ఇందులకు కారణము. 1952 ఏప్రిల్‌లో ఈ నిలుపుదల తొలగెను. విద్యాప్రసారములకై 242 స్థానములు ప్రత్యేకింపబడెను. అటుపిమ్మట చిన్న పట్టణములకు సైతము కేంద్రములు రాసాగెను.

రాత్రి ముఖ్యవేళలను ఎన్.బి.సి., సి.బి.యస్., ఎ.బి.సి. అను పెద్ద సంస్థలు నింపెడివి. కాని ఉదయము, మధ్యాహ్నము, బడి విడిచిన తరువాతి వేళ చాలవరకు స్థానిక కేంద్రములే పూరించుకొనవలసి యుండెను. అందులకు మార్గములు రెండు: స్వయముగా వండుకొనుట, లేక వండినది కొని తెచ్చుకొనుట. ఈ రెండవ మార్గమునకే సిండికేషన్ అని పేరు. నిర్మాత తన కార్యక్రమమును పెద్ద సంస్థకు గాక, ఒక్కొక్క ఊరి కేంద్రమునకు విడివిడిగా అమ్ముకొనును. ఫిల్ము చుట్టలు ఒక ఊరిలో ప్రదర్శింపబడి, పెట్టెలో మరియొక ఊరికి ప్రయాణము చేసెడివి. ఈ చేతులు మారుటను ఆ వృత్తిలోనివారు ‘సైకిలు నడపుట’ అని వ్యవహరించిరి. సిన్సినాటి నగరవాసి ఫ్రెడరిక్ జివ్ ఈ వర్తకమున అగ్రగణ్యుడు. ప్రసారములు నలుపు తెలుపులలో నున్న కాలముననే ఆయన ‘సిస్కో కిడ్’ కథలను రంగులలో తీయించెను. రంగుల పెట్టెలు వచ్చిన నాడు పాత సరకు మరల అమ్ముడుపోవునని ఆయన ముందుచూపు.

ఈ రెంటికిని నడుమ మూడవ మార్గ మొకటి పుట్టెను. 1953లో బాల్టిమోరు నగరమున బెర్ట్ క్లాస్టర్, నాన్సీ క్లాస్టర్ దంపతులు ‘రాంపర్ రూమ్’ అను శిశుపాఠశాలను తెరపై ప్రారంభించిరి. కొలదిమంది పిల్లలు, ఒక పంతులమ్మ, ఆటలు, పాటలు, మంచి నడవడి, పాలు, బిస్కత్తులు—ఇదే కార్యక్రమము. కోరిన ఊళ్లకు వారు అమ్మినది ఫిల్ము కాదు, పాఠక్రమము. ఆయా ఊళ్ల పంతులమ్మలు శిక్షణ పొంది వెళ్లి, తమ కేంద్రములలో తమ ఊరి పిల్లలతో దానిని నడిపెడివారు. చివరకు పంతులమ్మ అద్దములేని చేతిచట్రము నొకటి ముఖము నెదుట పట్టుకొని, ఇంటినుండి చూచుచున్న పిల్లలను పేరు పేరున పిలిచెడిది. తన పేరు ఆమె నోట వినబడిన బిడ్డ యానందమును ఊహించుట కష్టము కాదు. 

‘బోజో’ అను విదూషకుని కథయు ఇట్టిదే. 1956లో లారీ హార్మన్ ఆ పాత్రపై హక్కులు కొని, ఊరూరి కేంద్రములకు అనుమతు లిచ్చెను. వేషమొక్కటే, వేషధారి మాత్రము ఆ ఊరివాడు. చికాగోలో ఈ కార్యక్రమమునకు ప్రవేశపత్రము కొరకు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. పుట్టబోవు బిడ్డల కొరకై ముందుగానే కోరిన తల్లులు సైతము కలరు. పిట్స్‌బర్గులో 1954లో విద్యాప్రసార కేంద్రమున తెరవెనుక తోలుబొమ్మ లాడించిన ఫ్రెడ్ రోజర్స్, 1968 నుండి దేశమంతటి పిల్లలకును ఆప్తుడయ్యెను. 1967లో డేటన్ పట్టణమున ఫిల్ డొనహ్యూ ఆరంభించిన చర్చాగోష్ఠియు, ఊరిలో పుట్టి దేశమంతట వ్యాపించినదే.

ఇంతటి వైభవమునకు లోపలనే చెద పట్టియుండెను. పిల్లల కార్యక్రమములకు డబ్బు పెట్టినవాడు ప్రకటనదారు. పిల్లలు ప్రేమించు పంతులమ్మయే, విదూషకుడే, ఫలానా బొమ్మ కొనుడని చెప్పెడివారు. పాఠ మెక్కడ ముగిసెనో, బేర మెక్కడ మొదలయ్యెనో ఐదేండ్ల బిడ్డ యెట్లెరుగును? 1968లో మసాచుసెట్సు రాష్ట్రమున పెగ్గీ చారెన్ మొదలగు తల్లులు సంఘముగా నేర్పడి దీనిపై పోరాడిరి. కార్యక్రమము నడపువారే అందులో సరకు లమ్మరాదని 1974లో కమిషను నిర్ణయించెను. నిర్ణయము న్యాయమైనదే. కాని ఆ రాబడి తగ్గగా పిల్లల కార్యక్రమము పలు కేంద్రములకు భారమై తోచెను.

మరియొక సదుద్దేశమును ఇట్లే వికటించెను. రాత్రి ముఖ్యవేళలలో పెద్ద సంస్థల వాటా మూడు గంటలకు మించరాదని, 50 పెద్ద నగర ప్రాంతముల కేంద్రములకు 1971లో నియమ మేర్పడెను. మిగిలిన వేళలో ఊరి గొంతు వినబడునని ఆశ. ఎ.బి.సి. ఆ యేటనే విడిచిన లారెన్స్ వెల్క్ సంగీత కార్యక్రమము, ఊరూర అమ్ముడుపోయి 1982 వరకు బ్రతికినమాట నిజమే. కాని చాలచోట్ల ఆ వేళను చౌకగా లభించు బహుమతుల ఆటలే ఆక్రమించెను. మూడేండ్లకే ఎన్.బి.సి. ఆపివైచిన ‘స్టార్ ట్రెక్’ వంటి కథలు, అవే 79 భాగములు మరల మరల ప్రదర్శింపబడి, మొదటికంటె అధిక కీర్తి గడించెను. పాతది వేసి రాబడి పొందగలవాడు క్రొత్తది వండుకొనుటకు శ్రమపడునా? తరువాత ఉపగ్రహములు, కేబులు తీగలు వచ్చి ఊళ్లకు నడుమనున్న దూరమును చెరిపివైచెను. 1994లో ‘రాంపర్ రూమ్’, 2001లో చికాగో బోజో నిలిచిపోయెను.

నాటి స్థానిక కార్యక్రమములలో అధికభాగము నేడు చూడ దొరకవు. అవి అప్పటికప్పుడు ప్రసారమైనవి. టేపు ఖరీదైనది గావున, ఎక్కించినవానిని చెరిపి మరల వాడుకొనిరి. అమ్మకమునకు ఫిల్ముపై తీసినవి నిలిచినవి. ఊరి పిల్లల పేర్లు పలికినవి చెరిగిపోయినవి. పంతులమ్మ చేతిలోని చట్రమున అద్దము లేదని ఎదిగిన పిమ్మట పిల్లలందరు నెరుగుదురు. అయినను ఆమె తమను చూచినదనియే నాడు నమ్మిరి. తరగతిలో హాజరు పిలుచు గురువు దేశమంతటికి ఒక్కమారే పిలువజాలడు. ఎదుటనున్న నలుబదిమందినే పిలువగలడు. బిడ్డలకు కావలసినదియు అదియే.