93వ నిమిషం

2012 మే 13, ఆదివారం. మనకు రాత్రి తొమ్మిది దాటింది. ఇంగ్లండ్‌లో సాయంత్రం అయిదు కావొస్తోంది. మాంచెస్టర్‌లోని ఎతిహాద్ స్టేడియంలో కొందరు తల పట్టుకుని కూర్చున్నారు. కొందరు ఏడుస్తున్నారు. ఇంకొందరు ‘ఇక చూడలేం’ అంటూ లేచి గేటు వైపు నడిచారు. 44 ఏళ్లుగా ఎదురుచూస్తున్న కప్పు కళ్లముందే చేజారిపోతోంది మరి!

సరిగ్గా అప్పుడే... రెండంటే రెండు నిమిషాల్లో అంతా తారుమారైంది. గేటు దాకా వెళ్లినవాళ్లు ఆ కేక విని వెనక్కి పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు ఏం జరిగిందన్నది ఫుట్‌బాల్ అభిమానులందరికీ కంఠతా వచ్చు. ఎందుకలా జరిగిందన్న వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు!

పైన కిరీటం... కింద కత్తి

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. సెమీఫైనల్, ఫైనల్ లాంటివేమీ ఉండవు. అన్ని మ్యాచ్‌లూ అయ్యాక పట్టికలో ఎవరు పైనుంటే వాళ్లే విజేత.

అసలు మెలిక అడుగున ఉంది. మన ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది దర్జాగా బరిలోకి దిగుతుంది. అక్కడ అలా కుదరదు. చివరి మూడు జట్లు కింది స్థాయి లీగ్‌కు పడిపోవాల్సిందే. దాన్నే ‘రెలిగేషన్’ అంటారు. దాంతో టీవీ హక్కుల సొమ్ములో పెద్ద వాటా పోతుంది. మంచి ఆటగాళ్లు వేరే జట్లకు వెళ్లిపోతారు. ఖర్చులు తగ్గించుకునే క్రమంలో ఆఫీసు ఉద్యోగుల మీదా వేటు పడుతుంది. అందుకే సీజన్ చివర్లో మొదటి స్థానం కోసం ఎంత పోరు ఉంటుందో, పదిహేడో స్థానం కోసమూ అంతే ఉంటుంది.

ఆ ఏడాది విశేషం ఏంటంటే- ఆ రెండు పోరాటాలూ చివరి రోజున ఒకే మైదానంలో తలపడ్డాయి!

ఒకే ఊరు... రెండు జట్లు

మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ... రెండూ ఒకే ఊరి జట్లు. యునైటెడ్‌కు కప్పులు కొత్త కాదు. సిటీ చివరిసారి లీగ్ గెలిచింది 1968లో. మధ్యలో ఓసారి, 1998లో, ఏకంగా మూడో స్థాయి లీగ్‌కు పడిపోయింది కూడా. 2008లో అబుదాబీకి చెందిన షేక్ మన్సూర్ కొన్నాక దాని దశ తిరిగింది. ‘డబ్బుతో కొనుక్కున్న వైభవం’ అని యునైటెడ్ అభిమానులు ఎద్దేవా చేస్తే, ‘మూడో లీగ్‌లోనూ టికెట్ కొని చూశాం. అప్పుడు డబ్బెక్కడుంది?’ అన్నది సిటీ అభిమానుల ఎదురు ప్రశ్న.

2012 ఏప్రిల్ 8 నాటికి యునైటెడ్ ఎనిమిది పాయింట్ల ఆధిక్యంలో ఉంది. మిగిలినవి ఆరు మ్యాచ్‌లే. కప్పు ఖాయమనుకున్నారంతా. కానీ విగన్ చేతిలో ఓడింది. ఎవర్టన్ మీద 4-2తో గెలుస్తూ, చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చేసి 4-4తో సరిపెట్టుకుంది. ఏప్రిల్ 30న సిటీ చేతిలోనూ 0-1తో చిత్తయింది. ఇటు సిటీ వరసగా అయిదు మ్యాచ్‌లు గెలిచేసింది. చివరి రోజు తెల్లారేసరికి రెండు జట్లకూ సరిగ్గా 86 పాయింట్లే! కాకపోతే గోల్స్ తేడాలో సిటీ ఎనిమిది ముందుంది. అంటే... సిటీ గెలిస్తే చాలు.

ఎదుట ఉన్నది పదిహేడో స్థానంలో ఊగిసలాడుతున్న లండన్ జట్టు క్వీన్స్ పార్క్ రేంజర్స్. దాని పాయింట్లు 37. వెనకే 35 పాయింట్లతో బోల్టన్. రేంజర్స్ ఇక్కడ ఓడి, బోల్టన్ అటు స్టోక్‌లో గెలిస్తే రేంజర్స్ కింది లీగ్‌కు వెళ్లినట్టే. ఆ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? మార్క్ హ్యూస్. 2009 డిసెంబరులో సిటీ ఉద్యోగం నుంచి తీసేసిన మనిషే!

మూడు మైదానాలు... ఒకే ఊపిరి

మూడు చోట్లా ఆట ఒకేసారి మొదలైంది. సండర్లాండ్‌లో రూనీ 20వ నిమిషంలోనే గోల్ కొట్టడంతో యునైటెడ్ ముందుకెళ్లింది. ఎతిహాద్‌లో 39వ నిమిషంలో జబలేటా సిటీకి తొలి గోల్ అందించాడు. స్టోక్‌లో విరామానికి బోల్టన్ 2-1తో ఆధిక్యం. ఆ క్షణాన పట్టిక చూస్తే- సిటీ విజేత, రేంజర్స్ కిందికి!

విరామం అయిన మూడు నిమిషాలకే సిస్సే గోల్‌తో రేంజర్స్ స్కోరు సమం చేసింది. ఆ వెంటనే ఆ జట్టు కెప్టెన్ బార్టన్ ప్రత్యర్థి మీద చేయి చేసుకుని రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. ఇక మిగిలింది పదిమంది. వాళ్ల పని అయిపోయిందనుకుంటుంటే, 66వ నిమిషంలో మాకీ తల తగిలించి బంతిని నెట్‌లోకి పంపాడు. 2-1తో రేంజర్స్ ముందంజ! స్టేడియం మూగబోయింది.

77వ నిమిషంలో స్టోక్ పెనాల్టీతో 2-2 చేసింది. తర్వాత బోల్టన్ ఎంత ప్రయత్నించినా మూడో గోల్ రాలేదు. అక్కడి ఆట ముగిసిన కబురు ఎతిహాద్‌కు చేరింది. రేంజర్స్ అభిమానుల్లో సంబరాలు మొదలయ్యాయి. గెలిచినా ఓడినా వాళ్ల జట్టు గట్టెక్కినట్టే!

గడియారం 90 దాటింది. రెఫరీ అయిదు నిమిషాలు అదనంగా ఇచ్చాడు. రెండో నిమిషంలో జెకో హెడర్... 2-2. సండర్లాండ్‌లో అప్పటికే ఆట ముగిసి, యునైటెడ్ ఆటగాళ్లు మైదానంలోనే నిలబడి కబురు కోసం చూస్తున్నారు. ఇక్కడ బాలోటెల్లీ కింద పడుతూనే బంతిని ముందుకు తోశాడు. అగ్యూరో ఒక ఆటగాణ్ని తప్పించుకుని బలంగా తన్నాడు. గోల్! అప్పుడు సమయం... 93 నిమిషాల 20 సెకన్లు.

చొక్కా విప్పి గాల్లో తిప్పుతూ అగ్యూరో పరుగు. ‘అగ్యూరోఓఓ...’ అంటూ వ్యాఖ్యాత మార్టిన్ టైలర్ గొంతు చించుకుని అరిచిన అరుపు. గెలిచినవాళ్లూ, ఓడినవాళ్లూ ఒకే స్టేడియంలో పండగ చేసుకున్న అరుదైన రోజది.

ఎక్కడ పోయింది కప్పు?

రెండు జట్లూ 89 పాయింట్ల దగ్గరే ఆగాయి. గోల్స్ తేడాలో సిటీకి 64, యునైటెడ్‌కు 56. అక్కణ్నుంచే అభిమానుల వాదన మొదలవుతుంది. ‘ఎవర్టన్ మ్యాచ్‌లోనే కప్పు పోయింది’ అంటారు కొందరు. ‘కాదు, విగన్‌లో’ అంటారు ఇంకొందరు. సిటీవాళ్లు మాత్రం 2011 అక్టోబరు 23 వైపు వేలు చూపిస్తారు. ఆ రోజు యునైటెడ్ సొంతగడ్డ మీద సిటీ 6-1తో గెలిచింది. అందులో చివరి మూడు గోల్స్ ఆట ముగిసే ముందు వచ్చినవే. పదిమందితో ఆడుతూ, ఓటమి తప్పదని తెలిసీ యునైటెడ్ దాడికే వెళ్లిన ఫలితమది.

ఇక్కడో చిన్న లెక్క. ఆ మ్యాచ్ 6-1 కాకుండా 2-1తో ముగిసిందనుకోండి. సిటీ కొట్టిన గోల్స్ 93 నుంచి 89కి తగ్గుతాయి. యునైటెడ్ కొట్టినవీ 89. సిటీ ఇచ్చినవి 29. యునైటెడ్ ఇచ్చినవి 33 నుంచి 29కి దిగుతాయి. అంటే అన్నీ సమానం! అప్పటి నియమం ప్రకారం విజేతను తేల్చడానికి తటస్థ వేదికలో మరో మ్యాచ్ పెట్టాల్సి వచ్చేది. ఓడిపోయే మ్యాచ్‌లో కూడా ఒక్కో గోల్‌కూ ఎంత విలువుందో చూడండి!

పడ్డవాళ్ల మాటేంటి?

టీవీల్లో మళ్లీ మళ్లీ చూపించేది అగ్యూరో గోలే. బోల్టన్ కన్నీళ్లు ఎవరికీ గుర్తుండవు. ఆ ఏడాది మార్చి 17న మ్యాచ్ మధ్యలోనే ఆ జట్టు ఆటగాడు ఫాబ్రిస్ ముంబా గుండె ఆగి కుప్పకూలాడు. 78 నిమిషాల పాటు ఆగిన గుండె మళ్లీ కొట్టుకుంది. అంత పెద్ద గండం దాటిన జట్టు ఒక్క గోల్ దూరంలో కిందికి జారిపోయింది. తర్వాత అప్పుల్లో కూరుకుని, 2020కల్లా నాలుగో స్థాయికి చేరింది.

మనకు కాస్త దగ్గరి కథా ఉంది. అదే సీజన్‌లో కిందికి పోయిన బ్లాక్‌బర్న్ రోవర్స్ యజమాని పుణె కేంద్రంగా ఉన్న వెంకీస్. దేశంలో కోళ్ల పరిశ్రమకు బాటలు వేసిన బి.వి.రావు స్థాపించిన సంస్థల కుటుంబమది. 2010లో ఆ క్లబ్బును కొన్నారు. రెండేళ్లు తిరక్కుండానే జట్టు పడిపోయింది. మే 7న సొంత మైదానంలో విగన్ చేతిలో ఓడిన రోజు, యాజమాన్యం మీద కోపంతో అభిమానులు క్లబ్బు జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. చూసేవాళ్లకు నవ్వొచ్చింది కానీ, దాన్ని వదిలినవాళ్లు నవ్వలేదు.

గట్టెక్కిన రేంజర్స్ కూడా ఎన్నాళ్లో నిలవలేదు. ఏడాది తిరిగేసరికి కింది లీగ్‌లో పడింది. అయినా ఆ మే నెల సాయంత్రం వాళ్లు చేసుకున్న సంబరం అబద్ధం కాదుగా! పదిహేడో స్థానానికి కూడా కిరీటమంత విలువ ఉంటుందని వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?