కొండమీది బడి, ఇంటిలోని బడి

పరదేశంలో ఉద్యోగం అనగానే మనవాళ్ళకు విమానాలు, మహాపట్టణాలు, పెద్ద జీతాలు తలపుకు వస్తాయి. మేము చెప్పబోయే పరదేశం అటువంటిది కాదు. రైలూ బస్సూ పట్టుకొని చేరుకోదగిన దేశం. పాస్‌పోర్టు లేకపోయినా మన ఓటరు కార్డు చూపించి పోదగిన దేశం. అక్కడి నాణెం ఙుల్‌ట్రం మన రూపాయితో సరిసమానంగా నిలిచే దేశం. అది భూటాన్. 2013 ఫిబ్రవరి మొదలు 2017 డిసెంబరు వరకు, అయిదు విద్యాసంవత్సరాలు, మేము భార్యాభర్తలమిద్దరం ఆ దేశపు తూర్పు భాగాన త్రాషిగాంగ్ జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పాము. వెళ్ళేనాటికి అమ్మాయికి ఆరో ఏడు. పిల్లవాడికి ఇంకా ఏడాది నిండలేదు.

మాది బరంపురం. తాతలనాటినుంచి ఒడిశాలో ఉన్నవాళ్ళం కనుక, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అనేది మాకు కొత్త సంగతి కాదు. పాఠకులలో చాలామందికి కూడా కాదు. అందుచేతనే ఆ అయిదేళ్ళ ముచ్చట ఈ పత్రికలో చెప్పుకోవాలని అనిపించింది.

బరంపురంలో రైలెక్కి గువాహాటిలో దిగి, అక్కడినుంచి బస్సులో అస్సాం సరిహద్దుకు పోతే, ఆవలి ఊరు సంద్రుప్ జోంఖార్. అక్కడినుంచి త్రాషిగాంగ్ సుమారు 180 కిలోమీటర్లు. మన మైదానాలలో నాలుగు గంటల దారి. అక్కడ పొద్దున బయలుదేరితే పొద్దు గూకేవరకు ప్రయాణమే. ఆ దేశంలో రైలు లేదు. ఉన్నది కొండల నడుము చుట్టూ తిరిగే రోడ్డు. మొదటిసారి పోయినప్పుడు అమ్మాయికి దారి పొడవునా వాంతులు. పిల్లవాడు మాత్రం ఒడిలో హాయిగా నిద్రపోయాడు.

భూటాన్‌లో బడి చదువు ఇటీవలి కాలానిది. మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్ కాలంలో, 1914లో, హా అనే చోట ఒక బడి పెట్టారు. దేశమంతటా బడులు లేచింది 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలయిన తరువాతనే. అంతకు ముందు బడులలో హిందీలో చెప్పేవారు. 1960 దశకం తొలి రోజుల్లో ఇంగ్లీషుకు మారారు. చెప్పేవాళ్ళు చాలక మన దేశంనుంచి పంతుళ్ళను పిలిపించుకున్నారు. వారిలో కేరళవారు చాలామంది. 1963లో ఫాదర్ విలియం మ్యాకీ అనే కెనడా దేశపు జెసూట్ గురువు వచ్చి త్రాషిగాంగ్‌లో బడి నడిపాడు. 1995లో తింఫూలో కన్నుమూసేవరకు ఆ దేశాన్నే తన దేశం చేసుకున్నాడు. ఇంతమంది నడిచిన బాట గనుక, దక్షిణాది పంతులు అంటే ఆ ఊళ్ళలో వింత లేదు. ముసలివాళ్ళు మమ్మల్ని చూడగానే హిందీలో పలకరించేవారు.

మా ఊరు సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీలకే మరిగిపోతాయి. ఫలితం ఏమిటంటే కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కరు లేని సంసారం అక్కడ సాగదు. దోసెల పిండి పొంగడం ఇంకొక సమస్య. చలికాలపు రోజుల్లో బుఖారీ అనే కట్టెల పొయ్యి పక్కన, పాత శాలువ చుట్టి పెడితే రెండోనాటికి గాని పులిసేది కాదు. చింతపండు, ఇంగువ, ఎండబెట్టిన వేపపువ్వు ఇంటినుంచే మోసుకుపోయేవాళ్ళం. వేపపువ్వు ఎందుకంటే, మాకు శీతకాలపు సెలవులు డిసెంబరు నడుమనుంచి ఫిబ్రవరి మొదటివరకు. సంక్రాంతి ఏటా ఇంట్లోనే. ఉగాది మాత్రం ఏటా ఆ కొండమీదనే. మిరపకాయలకు మాత్రం కొదవ లేదు. వారికి మిరపకాయ కారం కోసం వేసే దినుసు కాదు, అదే కూర. పచ్చిమిరపకాయలు, జున్ను కలిపి వండే ఎమదాత్సి వారి రోజువారీ భోజనం. వానలు వెనకబడ్డాక ఇళ్ళ కప్పులమీద పండుమిరపకాయలు ఎర్రగా ఎండుతుంటే గుంటూరు కళ్ళాలు గుర్తుకు వచ్చేవి.

తెల్లవారి అయిదింటికి మా దినం మొదలు. పొయ్యి రాజేసి, అన్నం పప్పు వండి, నాలుగు డబ్బాలు సర్దేసరికి ఏడున్నర. పిల్లవాణ్ణి పొరుగింటి అవ్వకు అప్పగించేవాళ్ళం. అక్కడ అవ్వను ‘అబి’ అంటారు, తాతను ‘మెమె’ అంటారు. ఆ అబి వాణ్ణి గుడ్డతో వీపుకు కట్టుకొని, చేతిలో మణిచక్రం తిప్పుకుంటూ, జొన్నకంకులు ఒలుచుకుంటూ పగలంతా తిరిగేది. జొన్న అంటే మన జొన్న కాదు, మొక్కజొన్న. తూర్పు భూటాన్‌లో దాని నూక అన్నంలో కలిపి వండుతారు. మావాడికి మొదట అలవడ్డ రుచి అదే.

బడిలో ప్రార్థన ఆరుబయట. మంజుశ్రీని, అంటే వారి చదువుల దేవుణ్ణి, తలచుకొని రాగంతో పాడతారు. తరువాత జాతీయగీతం. తరువాత ఒక పిల్ల ఒకనాడు జోంఖాలో, ఒకనాడు ఇంగ్లీషులో చిన్న ఉపన్యాసం చెప్పాలి. మగపిల్లలు ‘ఘో’ అనే మోకాళ్ళవరకు వచ్చే అంగీ, ఆడపిల్లలు ‘కిరా’ అనే మడమలదాకా చుట్టే వస్త్రం. గంట సేపు కొండ ఎక్కి దిగి వచ్చే పిల్లలు కొందరు. వాన కాలంలో జలగలు దులుపుకొని తరగతిలో కూర్చునేవారు. ఉపాధ్యాయుడు ఎదురైతే నిలబడి వంగి నమస్కరిస్తారు. మాట చివర ‘లా’ చేరుస్తారు. అది మన ‘అండి’ వంటిది. ఇంగ్లీషు మాట్లాడినా అది వదలరు. ‘యెస్ లా’, ‘గుడ్ మార్నింగ్ లా’ అంటారు. మొదటి వారం నవ్వుకున్నాము. రెండో వారానికి మేమూ అంటున్నాము.

పేర్లతో కొంత తికమక ఉండేది. వారికి ఇంటిపేర్లు లేవు. పుట్టినప్పుడు లామా పేరు పెడతాడు. ఆ పేరు ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకటే కావచ్చు. ఒకే తరగతిలో ముగ్గురు సోనంలు, నలుగురు షెరింగులు ఉండేవారు. హాజరు పిలిచితే నాలుగు గొంతులు ఒక్కసారి పలికేవి. 

మాలో ఒకరం పెద్ద తరగతులకు లెక్కలు, ఒకరం పసిపిల్లల తరగతి. ఈ పసిపిల్లల తరగతిలోనే మా ఇద్దరికీ అసలు చదువు దొరికింది. ఆ రోజుల్లో ఆరేళ్ళ పిల్లలు బడిలో చేరేవారు. ఇంట్లో వారి భాష త్షంగ్లా. బడిలో జోంఖా అనే జాతీయ భాష ఒక పాఠం, తక్కినవి చాలావరకు ఇంగ్లీషులో. అంటే బడి గడప దాటిన పిల్ల తన అమ్మ మాట వెలుపలనే వదిలి రావాలి. నీళ్ళకు త్షంగ్లాలో ‘రి’, జోంఖాలో ‘ఛు’, పుస్తకంలో ‘వాటర్’. ఒక పిల్లవాడు చేరి రెండు నెలలైనా నోరు విప్పలేదు. మూగవాడేమో అనుకున్నారు కొందరు. ఒకనాడు నల్లబల్లమీద కుండ బొమ్మ వేసి, వేలు చూపించి, మేమే ‘రి’ అన్నాము. వాడు గభాలున లేచి తమ ఊరి వాగు సంగతి, దానిమీది కర్ర వంతెన సంగతి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పడం మొదలుపెట్టాడు. అందులో మాకు సగం అర్థం కాలేదు. కాని ఆనాటినుంచి వాడు మాట్లాడాడు, ఏడాది చివరకు ఇంగ్లీషు కూడా చదివాడు.

మాకు ‘రి’ అన్న మాట నేర్పింది ఎవరు? మా అమ్మాయే. అదే తరగతిలో ఆ పిల్లల మధ్యనే కూర్చున్నది. మూడు నెలల్లో త్షంగ్లా పట్టుకొని, తల్లికీ తరగతికీ దుబాసీ పని చేసింది. తల్లి దగ్గరే చదువు అన్న పేరే గాని, బడిలో మమ్మల్ని ‘మేడమ్ లా’ అని పిలవాలని దానికదే ఒక నియమం పెట్టుకున్నది. ఇంటి గుమ్మంలోకి వచ్చాకనే ‘అమ్మా’. తక్కిన పిల్లలకు లేని చనువు తనకూ వద్దనుకున్నదేమో, మేము అడగలేదు.

సాయంకాలం నాలుగింటికి బడి వదిలినా పని వదలదు. కూరగాయల మడి పని, హాస్టలు పిల్లల చదువు, దిద్దవలసిన పుస్తకాలు. జూన్ 2న పిల్లలచేత మొక్కలు నాటించాలి. మే 2న ఉపాధ్యాయ దినం. మూడవ రాజు జిగ్మె దోర్జీ వాంగ్‌చుక్ పుట్టినరోజు అది. ఆనాడు పిల్లలు వండి మాకు వడ్డించేవారు. ముప్ఫయి మంది పిల్లల మంచిచెడ్డలు చూసి ఇంటికి వచ్చేసరికి, మన ఇద్దరు పిల్లల మంచిచెడ్డలు చూసే ఓపిక మిగలదు. ఉపాధ్యాయుల ఇళ్ళలో ఇది ఎక్కడైనా ఉన్నదే.

2015 ఆగస్టులో పిల్లవాడికి జ్వరం వచ్చి, రెండో రాత్రికి ఊపిరి ఎగబోయసాగింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉన్న సహాయకుడు ఛాతీ చూసి, త్రాషిగాంగ్ ఆస్పత్రికి తీసుకుపోక తప్పదన్నాడు. ఆ వానలకు కొండచరియ విరిగి రోడ్డు తెగిపోయి ఉన్నది. తెల్లవారకముందే మా పెద్ద తరగతి పిల్లల తండ్రులు అయిదుగురు వచ్చారు. ఒకరు పిల్లవాణ్ణి వీపుకు కట్టుకున్నారు, ఇద్దరు మాకు చెయ్యి అందించారు, బురదలో ఆ విరిగిన చోటు దాటించి, అవతలి వైపు ఫోను చేసి పిలిపించిన బండి ఎక్కించారు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాము. ఆ దేశంలో ప్రభుత్వ వైద్యానికి డబ్బు పుచ్చుకోరు, మమ్మల్నీ అడగలేదు. తిరిగి వచ్చేసరికి అబి మా పొయ్యి రాజేసి ఉంచింది.

ఆ జ్వరంలో ఒక సంగతి మా మనసును పట్టుకున్నది. వాడు కలవరించింది త్షంగ్లాలో. దాహమై ‘రి, రి’ అన్నాడు. తెలుగు వాడికి తెలుసు, మేము మాట్లాడితే అర్థమవుతుంది. జవాబు మాత్రం అబి భాషలో చెప్పేవాడు. ఫోనులో నాయనమ్మ “నాన్నా, అన్నం తిన్నావా?” అంటే, వాడు చెప్పేది ఆవిడకు తెలియక, ఫోను అమ్మాయికి ఇమ్మనేది. మనుమడు మాట్లాడుతూనే ఉన్నాడు, ఆవిడకు మనుమడు లేనట్టే ఉన్నది.

అప్పటినుంచి రాత్రి భోజనమయ్యాక అరగంట మా ఇంట్లో మరొక బడి పెట్టాము. అమ్మాయికి పలక, పిల్లవాడికి కథ. ఇంటినుంచి పాత చందమామల బొత్తి ఒకటి తెచ్చుకున్నాము. 1947లో పుట్టిన ఆ పత్రిక ఒడియాలో కూడా జహ్నమాము అనే పేరుతో వచ్చేది. మా చిన్ననాట పక్కింటి ఒడియా పిల్లలూ మేమూ అదే కథ రెండు భాషల్లో చదువుకొని పంచుకున్నవాళ్ళం. చదివిన కథను మరునాడు వాడు అబికి త్షంగ్లాలో చెప్పేవాడు. ఆవిడ తన కథ ఒకటి చెప్పేది. దాన్ని వాడు రాత్రికి మాకు తెలుగులో చెప్పాలి. అది మా నిబంధన. వచ్చిన నాలుగు మాటలతోనే మొదలుపెట్టాడు. ఏ భాషనూ తిట్టలేదు, ఏ భాషకూ అడ్డు చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి నాయనమ్మ ఫోను వాడి చేతిలోనే ఎక్కువసేపు ఉండసాగింది.

2017లో ఒప్పందం పొడిగించుకోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. బడివారు ఉండమన్నారు. మాకూ ఉండాలనే ఉన్నది. కాని అమ్మాయి నాలుగో తరగతి ముగించింది. ఇంకా ఆలస్యమైతే జోంఖా వదిలి ఒడియా అందుకోవడం దానికి కష్టం. ఇక్కడ పెద్దవాళ్ళకు ఒంట్లో బాగుండటం లేదు. వారం రోజులు రాత్రిళ్ళు మాట్లాడుకొని, వచ్చెయ్యాలని నిశ్చయించుకున్నాము. బయలుదేరిన నాడు అబి వాడి జేబునిండా పేలాలు పోసి, వాణ్ణి దగ్గరకు తీసుకొని తమ భాషలో ఏదో చెప్పింది. వాడొక్కడికే అర్థమైంది. ఏమన్నదని అడిగితే చెప్పలేదు.

ఇప్పుడు అమ్మాయి కాలేజీలో చేరింది. పిల్లవాడు హైస్కూలులో ఉన్నాడు. తెలుగు చదువుతాడు, రాస్తాడు, అక్షరాలు గుండ్రంగా ఉండవు. త్షంగ్లా మాత్రం పోయింది. తిరిగి వచ్చిన ఏడాదిలోనే పోయింది. మొట్టమొదట పలికిన భాష, జ్వరంలో కలవరించిన భాష, ఈనాడు అడిగితే ‘రి’ ఒక్కటే చెబుతాడు. దాన్ని ఎవరూ మానిపించలేదు. మాట్లాడే మనిషి పక్కన లేదు, అంతే.

మన ఊళ్ళలో తెలుగు ఎట్లా పోతున్నదని సభల్లో చాలా చర్చలు విన్నాము. బడిలో లేకపోవడం ఒక కారణమే. బడిలో లేని త్షంగ్లా మాత్రం ఆ కొండలమీద చక్కగా బతికి ఉన్నది. ఎందుకంటే ప్రతి ఇంట్లో ఒక అబి ఉన్నది, ఆవిడ పగలంతా మాట్లాడుతూ ఉంటుంది. మన ఇళ్ళలో నాయనమ్మ, అమ్మమ్మ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. పిల్లలను కొంతసేపు వారి దగ్గర వదలండి. లేనివాళ్ళు రాత్రి భోజనమయ్యాక ఒక అరగంట మిగుల్చుకోండి. మాకు రోజంతా ముప్ఫయి మంది పిల్లలకు చెప్పి వచ్చాక కూడా ఆ అరగంట మిగిలింది, మీకూ మిగులుతుంది.