జెరుబ్బాబెలు: కిరీటము లేని దావీదు వంశీయుడు

బబులోను చెరనుండి తిరిగివచ్చిన యూదులకు నాయకత్వము వహించి, యెరూషలేములో రెండవ దేవాలయ నిర్మాణమునకు పూనుకొనినవాడు జెరుబ్బాబెలు. ఎజ్రా, హగ్గయి, జెకర్యా గ్రంథములు ఆయన సేవను గూర్చి తెలియజేయుచున్నవి. అయితే మందిర ప్రతిష్ఠను వర్ణించు ఎజ్రా 6వ అధ్యాయములో ఆయన పేరు కనబడదు. ఈ మౌనమును ఎట్లు అర్థము చేసికొనవలెను? హగ్గయి ద్వారా ఆయనకు కలిగిన వాగ్దానము వ్యర్థమైనదా? ఈ ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. వంశము, పదవి

'జెరుబ్బాబెలు' అను పేరునకు అక్కదు భాషలో 'బబులోను సంతానము' అని అర్థము. ఈయన క్రీ.పూ. 597లో చెరపట్టబడిన యెహోయాకీను రాజునకు మనుమడు. ఎజ్రా, హగ్గయి గ్రంథములు ఈయనను షయల్తీయేలు కుమారుడని పిలువగా, 1 దినవృత్తాంతములు 3:19 పెదాయా కుమారుడని చెప్పుచున్నది. షయల్తీయేలు సంతానము లేక మరణింపగా, ధర్మశాస్త్రములోని మరిది ధర్మము చొప్పున అతని తమ్ముడు పెదాయా అన్న పేరు నిలిపియుండునని కొందరు వ్యాఖ్యాతలు వివరించుదురు. ఏదైనను ఆయన దావీదు వంశీయుడే. కాని ఆయన వచ్చినది రాజుగా కాదు, పారసీక సామ్రాజ్యమునకు లోబడిన అధికారిగా మాత్రమే.

2. పని ఎందుకు నిలిచిపోయినది?

కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును జయించి, మరుసటి సంవత్సరము యూదులకు సెలవిచ్చెను. 1879లో బబులోను శిథిలములలో దొరికిన కోరెషు మట్టి శాసనము యూదా పేరు చెప్పకపోయినను, చెదరిన దేవతా విగ్రహములను, ప్రజలను వారి స్థలములకు పంపు రాజనీతి ఆయనకు ఉండెనని చూపుచున్నది. తిరిగివచ్చిన సమాజము 42,360 మంది. వారి దాసదాసీలు 7,337 మంది (ఎజ్రా 2:64-65).

వారు మందిరమునకు పునాది వేయకముందే బలిపీఠమును కట్టి ఆరాధన ఆరంభించిరి. ఈ క్రమము గమనింపదగినది. కట్టడము లేకపోయినను ఆరాధన ఆగలేదు. తరువాత పునాది వేయబడినది గాని, పని నిలిచిపోయి క్రీ.పూ. 520 వరకు సాగలేదు.

ఇందుకు రెండు కారణములు కనబడుచున్నవి. ఎజ్రా 4వ అధ్యాయము పొరుగువారి విరోధమును చూపుచున్నది. హగ్గయి ఆ విరోధమును ప్రస్తావింపనే లేదు. ప్రజలు సరంబీ వేసిన యిండ్లలో కాపురముండి మందిరమును పాడుగా విడిచిరని గద్దించెను. ఇవి పరస్పర విరుద్ధములు కావు. పని ఆపినది శత్రువు. ఆగిన పనికి అలవాటుపడినది ప్రజలు. మొదటిదానికి రాజు ఆజ్ఞ కావలెను, రెండవదానికి ప్రవక్త వాక్యము కావలెను. వాక్యము ముందు వచ్చినది. దర్యావేషు రెండవ సంవత్సరము ఆరవ నెల మొదటి దినమున హగ్గయి ప్రవచింపగా, ఇరువది నాలుగవ దినమున పని ఆరంభమైనది. రాజు అనుమతి పత్రము దొరికినది ఆ తరువాతనే.

3. ముద్రయుంగరము

యిర్మీయా 22:24లో దేవుడు యెహోయాకీనును తన చేతినుండి ఊడదీయబడు ముద్రయుంగరముతో పోల్చెను. హగ్గయి 2:23లో అదే మాటతో మనుమని ఏర్పరచుకొనుచున్నాడు. తాతయందు తీసివేయబడినది మనుమనియందు తిరిగి ఉంచబడినది. శాపము ఆ వంశమునకు చివరి మాట కాదని దీని భావము.

మరి ఆయన రాజు కాలేదు కదా? పారసీకులు ఆయనను తొలగించిరని కొందరు పండితుల ఊహ. దానిని స్థిరపరచు పత్రమేదియు లేదు. జెకర్యా 6వ అధ్యాయములోని కిరీటము మొదట జెరుబ్బాబెలుదేనని మరికొందరందురు. కాని మనకు లభించిన ప్రతులలో యెహోషువ పేరే ఉన్నది. జెకర్యా 4:9 ఆయనకు వాగ్దానము చేసినది సింహాసనమును కాదు, మందిరము ముగించుటను. ఆ మందిరము క్రీ.పూ. 515లో, అదారు నెలలో ముగిసినది. ముద్రయుంగరపు వాగ్దానమైతే ఒక్క మనిషి ఆయుష్షుతో ముగియలేదు. మత్తయి 1:12, లూకా 3:27 ఆయన పేరును క్రీస్తు వంశావళిలో నిలిపినవి.

ముగింపు

ఎజ్రా 6:14 ప్రకారము మందిరమును కట్టి ముగించినవారు యూదుల పెద్దలు. నాయకుని పేరు అక్కడ లేదు, పని మాత్రము నిలిచినది. మందిరము కట్టించిన ప్రతిచోట శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనని వాదించుకొను సంఘములు ఈ మౌనమును ధ్యానింపవలెను. జెరుబ్బాబెలు పేరు ప్రతిష్ఠ దినపు వృత్తాంతములో లేకపోయినను, దేవుడు దానిని మరువలేదు. కాపరికి అది చాలును.