రెండు ఘాట్లు.. ఒక పగలు
సైకిల్‌పై కొండ ఎక్కడం కంటే దిగడమే గండం

పాడేరు: చలికాలం మొదలైతే అరకు ఘాట్ రోడ్డులో బస్సులు, కార్లతో పాటు సైకిళ్లు కూడా కనిపించడం కొన్నేళ్లుగా పరిపాటి అయింది. విశాఖపట్నం వైపు నుంచి గేర్ల సైకిళ్లపై తెల్లవారకముందే బయలుదేరి వచ్చేవారు కొందరు. వారిని చూసి ఉత్సాహపడి, స్నేహితుని సైకిల్ అరువు తెచ్చుకొని కొండ ఎక్కే కళాశాల విద్యార్థులు మరికొందరు. ఆందోళన ఈ రెండవ వర్గం గురించే. కాళ్లలో సత్తువ ఉంటే ఎక్కడం సాధ్యమని, దిగడం దానంతటదే జరిగిపోతుందని వారి నమ్మకం. గత డిసెంబరులో ఇద్దరు ఉపాధ్యాయ మిత్రులతో కలిసి రెండు ఘాట్లను ఒకే పగలు దాటిన ఈ విలేకరికి ఆ నమ్మకంలో సగం కొండ ఎక్కేటప్పుడే పోయింది. మిగిలిన సగం దిగేటప్పుడు పోయింది.

మేము ఎంచుకున్న దారి శృంగవరపుకోటలో మొదలై బొడ్డవర, టైడ, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా అరకులోయ చేరుతుంది. అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేటల మీదుగా పాడేరు. పాడేరు నుంచి వంట్లమామిడి ఘాట్ దిగి, మాడుగుల మీదుగా చోడవరం. మొత్తం సుమారు 160 కిలోమీటర్లు. బల్లపరుపు నేలపై అయితే అలవాటున్నవానికి ఇది పెద్ద దూరం కాదు. అంతర్జాతీయంగా బ్రెవే పేరిట జరిగే దూరప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు ఇస్తారు. తిండికి, విశ్రాంతికి ఆగిన సమయం కూడా అందులోనే కలిసి ఉంటుంది. అంటే గంటకు 15 కిలోమీటర్ల సగటు నిలుపుకొంటే చాలు. కానీ దారి మధ్యలో కొండ ఉన్నప్పుడు ఈ లెక్క చెల్లదు.

పళ్ల చక్రంలోనే కిటుకు

మన పల్లెల్లో తిరిగే మామూలు సైకిల్‌కు సాధారణంగా ముందు పళ్ల చక్రానికి 44, వెనుక చక్రానికి 18 పళ్లు ఉంటాయి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు అయిదున్నర మీటర్లు ముందుకు పోతుంది. చదును రోడ్డుపై అది లాభమే. ఘాట్‌లో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు మాత్రం నిమిషానికి 30 చుట్లు మాత్రమే తొక్కగలము. ప్రతి తొక్కుడుకు ఒంటి బరువంతా పెడల్‌పై మోపవలసి వస్తుంది. మోకాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

కొండకు తగిన గేర్ల సైకిల్‌లో ముందు 34, వెనుక కూడా 34 పళ్లు పెట్టుకొనే వీలుంది. అప్పుడు చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు దూరమే కదులుతుంది. అదే 10 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి దాదాపు 80 చుట్లు తిరుగుతాయి. చేయవలసిన పని మొత్తం మారదు గాని అది చిన్న చిన్న వాయిదాలలో తీరుతుంది. బరువు కండరం మీద తగ్గి, ఊపిరి మీద పడుతుంది. ఊపిరి కొద్దిసేపు ఆగితే కుదుటపడుతుంది, పట్టేసిన కండరం ఆ రోజుకు మళ్లీ మాట వినదు. ప్రపంచ ప్రసిద్ధమైన టూర్ డి ఫ్రాన్స్ పందెం 1910లోనే పిరనీస్ పర్వతాల కనుమలు ఎక్కింది. అయినా నడుస్తుండగానే గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరొక దానికి జరిపే గేర్లను నిర్వాహకులు 1937 వరకు అనుమతించలేదు. అంతవరకు పోటీదారులు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, తిప్పి బిగించుకొనేవారు.

ఎక్కేటప్పుడు గమనించవలసిన మరొక సంగతి మలుపుల తీరు. మనం ఎడమ పక్కన పోతాము గనుక ఎడమకు తిరిగే మలుపులో లోపలి అంచు మన వంతు వస్తుంది. అక్కడ దూరం తక్కువ, నిటారు ఎక్కువ. కుడికి తిరిగే మలుపులో బయటి అంచు మనది, అది కాస్త మెత్తగా లేస్తుంది. అందుచేత ఎడమ మలుపుకు ముందుగానే గేరు తగ్గించుకోవాలి. మలుపులోకి వెళ్లాక బలం పెట్టి తొక్కుతూ గేరు మారిస్తే గొలుసు జారుతుంది.

ఆకలి చెప్పి రాదు

సైకిల్‌తో, సామానుతో కలిపి 80 కిలోల బరువు అనుకుందాము. దానిని వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చడానికి దాదాపు 785 కిలోజౌళ్ల పని అవసరం. మన శరీరం తిన్నదానిలో ఇంచుమించు పావు వంతును మాత్రమే పనిగా మార్చగలదు, మిగిలినది వేడిగా పోతుంది. ఆ లెక్కన ఎత్తు ఎక్కడానికే 750 కిలోకేలరీలు కావాలి. గాలిని, రోడ్డు రాపిడిని ఎదిరించడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. అరటిపండు ఒకటి సుమారు 100 కిలోకేలరీలు ఇస్తుంది. ఇక కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాగి ఉండే నిల్వ 1,600 నుంచి 2,000 కిలోకేలరీల వరకు మాత్రమే. రోజంతా తొక్కేవానికి అది మధ్యాహ్నానికి ముందే అడుగంటుతుంది.

ఈ లెక్క తెలిసి కూడా ఈ విలేకరి పొరపాటు చేశాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు శృంగవరపుకోటలో టీ మాత్రం తాగి బయలుదేరడం, చలిలో ఆకలి తెలియక టైడలోనూ, అనంతగిరిలోనూ ఆగకపోవడం జరిగింది. గాలికొండ మలుపులు దాటి, ఇక ఎక్కుడు అయిపోయిందని సంతోషిస్తున్న సమయంలో సుంకరిమెట్ట కాఫీ తోటల వద్ద చేతులు వణకసాగాయి. కళ్ల ముందు రోడ్డు కాస్త పక్కకు జరిగినట్లు తోచింది. మిత్రులు సైకిల్ ఆపించి, బెల్లం అచ్చు, రెండు అరటిపండ్లు తినిపించి, పావుగంట కూర్చోబెట్టారు. ఈ స్థితిలో దిగుడు మొదలుపెట్టి ఉంటే బ్రేకు పట్టుకొనే వేళ్లకు పట్టు ఉండేది కాదు. ఆకలి వేసినప్పుడు కాదు, గడియారం చూసి ముప్పావు గంటకొకసారి తినాలన్న నియమం అందుకే వచ్చింది.

నీటి విషయమూ అంతే. ఎండ పెద్దగా లేకపోయినా ఎక్కుడులో గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు చెమట పోవచ్చు. దానికి బదులుగా వట్టి నీరే అదే పనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరగడం, వాంతి రావడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు తేలికైనవి, జేబులో పడతాయి. హుకుంపేట సమీపంలో ఒక గిరిజన గృహంలో ఇచ్చిన రాగి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ మాకు అంతకంటే బాగా పనిచేశాయి. అరకు నుంచి పాడేరు వరకు దారి పీఠభూమి మీదనే సాగినా ఎత్తుపల్లాలు విడవవు. ఇక్కడ వేగం పెంచి పోగొట్టుకున్న సమయాన్ని రాబట్టుకోవాలన్న ఆత్రం తగదు.

దిగుడులో వేడి ఎక్కడికి పోతుంది?

పాడేరులో భోజనం ముగించి రెండు గంటలకు ఘాట్ దిగడం ప్రారంభించాము. అమ్మవారి పాదాల వద్ద డ్రైవర్లు బండి ఆపి మోదకొండమ్మకు మొక్కుకొని కదులుతారు. మేమూ ఆగాము. ఆ అయిదు నిమిషాలలో చక్రాల రిమ్ములను వేలితో తాకి చూస్తే చుర్రుమన్నాయి. మొక్కు సంగతి ఎలా ఉన్నా, అక్కడ ఆగడం బ్రేకులకు మేలు చేసింది.

కారణం సులభమే. ఎక్కేటప్పుడు పెట్టిన పని అంతా దిగేటప్పుడు వేడిగా తిరిగి రావాలి. 80 కిలోల బరువు 800 మీటర్లు దిగితే వెలువడే శక్తి సుమారు 630 కిలోజౌళ్లు. అది రెండు లీటర్ల చన్నీటిని మరిగించడానికి సరిపోతుంది. వేగంగా పోతే అందులో ఎక్కువ భాగాన్ని ఎదురుగాలి మింగుతుంది. భయపడి బ్రేకు విడవకుండా నెమ్మదిగా దిగితే అధిక భాగం రిమ్ములోకి, బ్రేకు దిమ్మల్లోకి చేరుతుంది. రిమ్ము కాగితే లోపలి గాలి వ్యాకోచించి ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. కనుక తిన్నని భాగంలో బ్రేకు వదలాలి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించాలి, మలుపు లోపల మళ్లీ వదలాలి. వంపులో వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది.

మంచు పట్టిన ఉదయాలలో మరొక చిక్కు ఉంది. తడిసిన రిమ్ముపై బ్రేకు వెంటనే పట్టదు. ముందు నీటిని తుడిచి, ఆ తరువాతనే పట్టుకుంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఎదుట వస్తువు చూసి చెయ్యి కదిలేలోపే 11 మీటర్లు గడుస్తాయి, పొడి రోడ్డుపై ఆగడానికి మరో 16 మీటర్ల వరకు పడుతుంది. 20 మీటర్లకు మించి కనిపించని పొగమంచులో ఆ వేగం ఆత్మహత్యా సదృశం.

ఈ ఘాట్లలో పెద్ద బండ్లకే దిక్కు లేని సందర్భాలు పాఠకులకు తెలిసినవే. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో బస్సు లోయలో పడిన ఘటన ఇద్దరి ప్రాణాలు తీసింది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం. హెయిర్‌పిన్ మలుపులో బస్సు తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి. హారన్ వినిపించిన వెంటనే సైకిలిస్టు మలుపుకు పైననే ఎడమ అంచున ఆగిపోవడం మంచిది. ఆ రోజు మేము అలా ఏడుసార్లు ఆగాము. ఒకసారి మాత్రం హారన్ లేకుండా లారీ వచ్చింది.

డిసెంబరులో ఈ ప్రాంతంలో సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. లోయలోకి నీడ ఇంకా ముందే దిగుతుంది. అందుచేత మూడు గంటలలోపు పాడేరు దాటలేనివారు ఆ రాత్రికి అక్కడే ఉండిపోవాలి, లేదా సైకిల్‌ను బస్సుపై వేసుకొని దిగాలి. వెనుక ఎర్రదీపం, ముందు తెల్లదీపం, శిరస్త్రాణం, అదనపు ట్యూబు, పంపు, దిగుడులో చలికి ఒక గాలి ఆపే చొక్కా తప్పనిసరి. చెమటతో తడిసిన ఒంటితో దిగితే వేళ్లు కొంకర్లు పోతాయి.

మేము చోడవరం చేరేసరికి అయిదుంబావు అయింది. మరునాడు సైకిల్ బాగుచేసే దుకాణంలో ఈ విలేకరి సైకిల్ ముందు బ్రేకు దిమ్మను ఊడదీసి చూపించారు. రబ్బరు ఒక పక్క పూర్తిగా అరిగి లోపలి ఇనుము బయటపడి ఉంది. బయలుదేరే ముందు రోజు చూసుకుని ఉంటే అది ఒక్క నిమిషం పని.