వయసు కాదు, చేయగలిగే పనే కొలమానం

పెద్దల ఆరోగ్యాన్ని బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు అంటూ జబ్బుల లెక్కతో చెప్పుకోవడం వాడుక. అయితే ఒకే జబ్బు ఉన్న ఇద్దరిలో ఒకరు తన పనులన్నీ తానే చేసుకుంటూ ఉండగా మరొకరు మంచం దిగలేకపోవడం ఊరూరా కనిపించేదే కాబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి నివేదికలో, మనిషి తనకు ముఖ్యమనుకున్న పనులను ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడన్నదే మంచి వృద్ధాప్యానికి గీటురాయి అని చెప్పింది. దీనినే క్రియాసామర్థ్యం అంటారు. ఇది ఒంటిలోని శక్తి మీద ఎంత ఆధారపడుతుందో, ఇల్లు, దారి, తోడు అనే పరిసరాల మీదా అంతగా ఆధారపడుతుంది.

ఈ సామర్థ్యాన్ని కొలవడానికి వైద్యులు రెండు పట్టికలను వాడతారు. 1963లో సిడ్నీ కాట్జ్ బృందం రూపొందించిన మొదటి పట్టికలో స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీది నుంచి లేవడం, మలమూత్రాలపై అదుపు, అన్నం తినడం ఉన్నాయి. 1969లో వచ్చిన లాటన్, బ్రాడీల పట్టికలో వంట, బజారు పని, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క వంటి మరింత జటిలమైన పనులు ఉన్నాయి. సాధారణంగా రెండో పట్టికలోనివే ముందు తప్పుతాయి గనుక, నిన్నటిదాకా ఒంటరిగా బస్సెక్కి బందరు వెళ్లివచ్చిన పెద్దాయన ప్రయాణం మానుకుంటే దానిని వయసు మీద పడిందని వదిలేయక తొలి హెచ్చరికగా తీసుకోవాలి.

ఈ తగ్గుదలకు ప్రధాన కారణాల్లో ఒకటి సార్కోపీనియా, అంటే వయసుతోపాటు కండ, దాని బలం తరిగిపోవడం. దీనికి తోడు కృష్ణా డెల్టాలో ఏళ్ల తరబడి నడుము వంచి వరినాట్లు వేసిన స్త్రీలలోను, వలలు లాగిన మత్స్యకారులలోను, పెడనలో గంటల కొద్దీ నిలబడి కలంకారీ అచ్చులు అద్దిన కార్మికులలోను నడుము, మోకాళ్లు, భుజాలపై పడిన భారం ముదిమిలో బయటపడుతుంది. గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లే మిగిలినచోట, ఒకరి కాలు జారితే ఇద్దరి జీవితమూ ఆగిపోతుంది.

అయినా పోయిన బలంలో కొంత తిరిగి తెచ్చుకోవచ్చు; అందుకు ముందుగా ఆ లోటును గుర్తించాలి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 14 సెకన్లకు మించి పడితే మరింత వివరమైన పరీక్ష చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. వైద్యుని సలహాతో చేసే కాళ్ల వ్యాయామం, రోజూ పప్పో చేపో గుడ్డో ఉన్న భోజనం, కంటి శుక్లానికి శస్త్రచికిత్స, స్నానాలగదిలో పట్టుకోడానికి ఒక కడ్డీ, రాత్రి వెలుగుకు ఒక దీపం పడిపోవడాలను తగ్గించడానికి తోడ్పడతాయి.

కృష్ణా డెల్టాలోనే తీరప్రాంతమైన దివిసీమలో ఈ విషయానికి మరొక లోతు ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పదిహేనేళ్ల వయసులో చూసినవారు నేడు అరవై దాటారు. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి షెల్టరు దాకా సొంత కాళ్లతో నడవగలగడమే వారి విషయంలో ప్రాణరక్షణ. అందుచేత తీరగ్రామాల్లో ఎవరు నడవలేరో, ఎవరికి చూపు ఆనదో, ఎవరు ఒంటరిగా ఉంటున్నారో ఆశా కార్యకర్తలూ గ్రామ పెద్దలూ వానాకాలానికి ముందే రాసిపెట్టుకోవాలి. ప్రతి ఇల్లూ తన పెద్దలు ఏ పని మానుకున్నారో ఇవాళే అడిగి తెలుసుకోవాలి.