ఆస్టన్ మార్టిన్ డీబీ5/2008/ఆర్

ఆస్టన్ మార్టిన్ డీబీ5/2008/ఆర్ బ్రిటన్‌కు చెందిన ఆస్టన్ మార్టిన్ సంస్థ 1965లో తయారు చేసిన ఒక స్పోర్ట్స్ కారు. జేమ్స్ బాండ్ చిత్రాల నిర్మాణ సంస్థ ఇయాన్ ప్రొడక్షన్స్, థండర్‌బాల్ చిత్ర ప్రచారం కొరకు దీనిని సిద్ధం చేయించింది. అమెరికాలోని ఒక మ్యూజియంలో సుమారు 35 సంవత్సరాలు ఉండి, తరువాత స్విట్జర్లాండ్‌లో పూర్తిగా పునరుద్ధరింపబడి, 2019 ఆగష్టు 15న కాలిఫోర్నియాలోని మాంటెరీలో జరిగిన వేలంలో 63 లక్షల 85 వేల డాలర్లకు అమ్ముడైంది. అప్పటి మారకపు విలువ ప్రకారం ఇది సుమారు 45 కోట్ల రూపాయలు. వేలంలో అమ్ముడైన డీబీ5 కార్లన్నిటిలోనూ అప్పటికి ఇదే అత్యధిక ధర. విశేషమేమంటే ఈ కారు ఏ బాండ్ చిత్రంలోనూ తెరపై కనిపించలేదు.

పేరు

"డీబీ" అనే అక్షరాలు డేవిడ్ బ్రౌన్ పేరు నుండి వచ్చాయి. ట్రాక్టర్లు, గేర్లు తయారు చేసే ఈ ఆంగ్ల పారిశ్రామికవేత్త 1947లో ఆస్టన్ మార్టిన్‌ను కొనుగోలు చేశాడు. 2008 అనేది ఛాసిస్ సంఖ్య మాత్రమే, సంవత్సరం కాదు. చివరనున్న "ఆర్" స్టీరింగు కుడివైపు ఉన్నదని తెలుపుతుంది. పాతకార్ల విషయంలో ఈ సంఖ్యే మనిషికి ఇంటిపేరు వంటిది. రంగు మారవచ్చు, నంబరు పలక మారవచ్చు, ఇంజను కూడా మారవచ్చు. కాని ఏ కారు ఏదో తేల్చేది ఛాసిస్ సంఖ్య, దానితోపాటు వచ్చే కాగితాలు.

డీబీ5 నమూనా

డీబీ5 కార్లు 1963 నుండి 1965 వరకు తయారయ్యాయి. మొత్తం సంఖ్య వెయ్యికి కొద్దిగా మించదు. ఇంజను సామర్థ్యం 3,995 ఘన సెంటీమీటర్లు, ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, 282 హార్స్‌పవర్, ఐదు గేర్లు. అత్యధిక వేగం గంటకు 230 కిలోమీటర్ల పైచిలుకు. ఇంజను రూపకర్త పోలెండులో జన్మించిన టాడెక్ మారెక్. శరీర నిర్మాణం ఇటలీలోని మిలాన్ నగరపు టూరింగ్ సంస్థ పద్ధతిలో సాగింది. సన్నని ఉక్కు గొట్టాలతో పంజరం వంటి చట్రం కట్టి, దానిపై అల్యూమినియం రేకులను తొడిగేవారు. దీనివలన కారు బరువు తగ్గుతుంది. అయితే ఉక్కు, అల్యూమినియం తాకే చోట తేమ చేరితే లోహం క్షయమవుతుంది. పాత డీబీ5ను బాగుచేయడం ఖరీదైన పని కావడానికి ఇదొక ముఖ్య కారణం.

చలనచిత్రంలో

ఇయాన్ ఫ్లెమింగ్ 1959లో వ్రాసిన గోల్డ్‌ఫింగర్ నవలలో బాండ్ నడిపేది అంతకు ముందరి ఆస్టన్ మార్టిన్ కారు. 1964లో నవలను చిత్రంగా తీసినపుడు, అప్పటికి కొత్తదైన డీబీ5ను ఎంచుకొన్నారు. కళాదర్శకుడు కెన్ ఆడమ్, ప్రత్యేక ప్రభావాల నిపుణుడు జాన్ స్టియర్స్ కలిసి దానిలో రకరకాల పరికరాలు అమర్చారు: ముందు దీపాల వెనుకనుండి బయటకు వచ్చే మెషిన్‌గన్లు, తిరిగే నంబరు పలకలు, వెనుక అద్దం మీదుగా పైకి లేచే గుండు తగలని తెర, పొగ, రోడ్డుపై నూనె చిమ్మే గొట్టం, పక్కనున్న కారు టైర్లను చీల్చే బ్లేడు, శత్రువు జాడను చూపే తెర. అన్నిటికన్నా ప్రసిద్ధమైనది పక్కన కూర్చున్నవానిని కప్పుగుండా బయటకు విసిరే సీటు. దాని మీట గేరుకర్ర తలలో దాగి ఉంటుంది.

చిత్రం విజయవంతం కావడంతో కారు కూడా నటులతో సమానంగా పేరు పొందింది. 1965లో కోర్గీ సంస్థ విడుదల చేసిన దాని ఆటబొమ్మ లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఇంతటి ఆదరణ చూసిన నిర్మాతలు, తరువాతి చిత్రమైన థండర్‌బాల్ ప్రచారానికి మరి రెండు కార్లు తెప్పించుకొన్నారు. వాటిలో ఒకటి 2008/ఆర్.

నాలుగు కార్లు

బాండ్ డీబీ5 అనగానే ఒకే కారు అనుకోవడం పరిపాటి. నిజానికి ఆ కాలపు కార్లు నాలుగు. వాటి కథలు వేరువేరు, విలువను అర్థం చేసుకోవాలంటే వాటిని కలగలపరాదు.

మొదటిది డీపీ/216/1. చిత్రంలో పరికరాలను చూపించినది ఇదే. 1968లో ఆ పరికరాలను తీసివేసి, మామూలు కారుగానే దీనిని అమ్మేశారు. తరువాతి యజమాని వాటిని మళ్ళీ తయారు చేయించి పెట్టించాడు. 1986లో న్యూయార్కు వేలంలో 2 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడైంది. 1997లో ఫ్లోరిడాలోని బోకా రేటన్ విమానాశ్రయపు హ్యాంగరు నుండి దొంగిలించబడింది.

రెండవది 1486/ఆర్. చిత్రంలో రోడ్డుపై నడిపే దృశ్యాలకు వాడినది ఇది. 2010 అక్టోబరులో లండను వేలంలో దీనిపై 26 లక్షల పౌండ్ల పాట పలికింది.

మిగిలిన రెండూ ప్రచారపు కార్లు. 2017/ఆర్ నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియంకు చేరింది. తెరపై కనిపించకపోయినా ఈ రెండింటికి ఒక ప్రత్యేకత ఉంది. సినిమా కారులోని పరికరాలు ఆయా దృశ్యం తీసేవరకు పనిచేస్తే చాలు. ఊరూరా తిప్పి జనం ముందు మళ్ళీ మళ్ళీ ఆడించవలసినవి కనుక, ప్రచారపు కార్లలోని పరికరాలను మరింత గట్టిగా తయారు చేశారు.

మ్యూజియం, పునరుద్ధరణ

1969లో ప్రచారపు కార్లను ఆంథోనీ బామ్‌ఫర్డ్ కొన్నాడు. మన ఊళ్ళలో మట్టి త్రవ్వే యంత్రాలకు వాడుకపేరుగా స్థిరపడిన జేసీబీ ఈయన కుటుంబ సంస్థే. 2008/ఆర్ కొద్దికాలానికే చేతులు మారి, అమెరికాలోని టెనెసీ రాష్ట్రం పిజియన్ ఫోర్జ్‌లోని స్మోకీ మౌంటెన్ కార్ మ్యూజియంకు చేరింది. అక్కడ నడవకుండా ప్రదర్శనలో ఉండిపోయింది. ఇది ఒక విధంగా దాని అదృష్టం. చేతులు మారే కారుకు ప్రతి యజమానీ ఏదో ఒక భాగం మార్చుతాడు. కదలని కారులో రబ్బరు ఎండిపోతుంది, తీగలు చెడిపోతాయి గాని, 1965 నాటి పరికరాలు వాటి చోటనే ఉంటాయి.

2006 జనవరిలో అరిజోనాలో జరిగిన వేలంలో దీనికి 20 లక్షల 90 వేల డాలర్లు వచ్చాయి. కొత్త యజమాని దీనిని స్విట్జర్లాండ్‌లో బెర్న్ నగరం వద్దనున్న రూస్ ఇంజనీరింగ్‌కు అప్పగించాడు. గోల్డ్‌ఫింగర్‌లోని ప్రసిద్ధ కొండదారి దృశ్యం కూడా స్విట్జర్లాండ్‌లోనే, ఫుర్కా కనుమలో, చిత్రీకరించారు. కొన్ని సంవత్సరాలు సాగిన ఈ పనిలో ఛాసిస్, శరీరం, ఇంజనుతోపాటు పదమూడు పరికరాలను కూడా సరిచేశారు. మెషిన్‌గన్లు తూటాలు పేల్చవు. ముందుకు వచ్చి కాల్పులను అభినయిస్తాయి.

పునరుద్ధరణ అనగానే విలువ పెరుగుతుందనేది పూర్తిగా సరికాదు. 1960ల నాటి రంగు, తోలు ఒకసారి తీసివేస్తే తిరిగి రావు. అందుకే చెక్కుచెదరని పాత కారును తాకకుండా ఉంచడమే మేలని చాలామంది సేకర్తలు భావిస్తారు. అయితే ఈ కారు పుట్టిందే ఆడించి చూపడానికి. దానిలోని పరికరాలు కదలకపోతే అది మరొక వెండిరంగు డీబీ5 మాత్రమే. కనుక ఇక్కడ పునరుద్ధరణ వైపే న్యాయం మొగ్గుతుంది.

2019 వేలం

ఆర్‌ఎమ్ సోథెబీస్ సంస్థ ఈ కారుకు ముందుగా 40 నుండి 60 లక్షల డాలర్ల అంచనా ప్రకటించింది. పాట 58 లక్షల వద్ద ముగిసింది. వార్తలలో కనిపించే 63 లక్షల 85 వేలు దీనికన్నా ఎక్కువ కావడానికి కారణం కొనుగోలుదారు రుసుము. మొదటి రెండున్నర లక్షల డాలర్లపై 12 శాతం, అంటే 30 వేలు. మిగిలిన 55 లక్షల 50 వేలపై 10 శాతం, అంటే 5 లక్షల 55 వేలు. ఈ రెండూ కలిసి 5 లక్షల 85 వేలు అవుతాయి. ఈ మొత్తం వేలం సంస్థకే చేరుతుంది. పాత, కొత్త వేలం ధరలను పోల్చేటపుడు రుసుము కలిపిన ధర ఏది, కలపని ధర ఏది అన్నది గమనించాలి. పైన చెప్పిన 2010 నాటి 26 లక్షల పౌండ్లు రుసుము కలపనిది.

ఇంతకు ఒక సంవత్సరం ముందే, 2018 ఆగష్టులో, పరికరాలతో సహా 25 కొత్త గోల్డ్‌ఫింగర్ డీబీ5లను తయారు చేసి అమ్ముతామని ఆస్టన్ మార్టిన్ ప్రకటించింది. ధర పన్నులు కాక 27 లక్షల 50 వేల పౌండ్లు. మొదటి కారు 2020లో న్యూపోర్ట్ పాగ్నెల్ కర్మాగారంలో పూర్తయింది. పరికరాల రూపకల్పనలో బాండ్ చిత్రాల ప్రత్యేక ప్రభావాల నిపుణుడు క్రిస్ కార్బోల్డ్ పాలుపంచుకొన్నాడు. ఈ కొత్త కార్లను సాధారణ రహదారిపై నడపడానికి అనుమతి లేదు. అచ్చం అలాంటి కొత్తవి వస్తున్నాయని తెలిసి కూడా, 1965 నాటి కారుకు 2019లో కొనుగోలుదారు దాదాపు రెట్టింపు ధర చెల్లించాడు.